పంపు మొగుడు

ఆగిపోయింది దిక్కుమాలిన డబ్బా. రోజూ గానుగెద్దులా ఆగకుండా తిరిగేది, సరిగ్గా ఇవాళే, కింద రేకుల ఇళ్ళ మీద వాన ధనధనా మోగుతుంటే, ఒక స్తంభానికీ ఇంకో స్తంభానికీ మధ్య ఊగుతూ ఆగిపోయింది. పిడుగులు పడేటప్పుడు తీగబండి ఆపేస్తారని మెదెయిన్ కొండల మీద బతికే ప్రతివాళ్ళకీ తెలుసు, అరెలిస్‌కీ తెలుసు, ఆకాశం నల్లబడటం చూసి మరీ ఎక్కింది. ఎక్కక ఏం చేస్తుంది, ఆఫీసేమో కింద లోయలో ఉంది, మీటింగేమో ఇంకో గంటలో ఉంది, ఒళ్ళో ఉన్న లాప్‌టాప్‌ని తీసుకెళ్ళి ఎచెవెర్రి బల్ల మీద పెట్టి రావాలో, లేక ఆయన చెప్పిన పని చేసి తన కుర్చీలో తను కూర్చోవాలో ఈలోగా తేల్చుకోవాలి. ఎదురు సీట్లో ఒకావిడ పుట్టినరోజు కేకు అట్టపెట్టెను పసిబిడ్డను ఎత్తుకున్నట్టు పట్టుకుని కన్నెమరియను తలుచుకుంటోంది. డబ్బాలో వాళ్ళిద్దరే. అద్దాల నిండా ఆవిరి కమ్మింది, తుడిస్తే కొండ, తుడవకపోతే తెల్లగోడ. ఫోను మళ్ళీ వణికింది. ఇంజినీరు ఎచెవెర్రి. తిట్టేటప్పుడు కూడా తియ్యగా తిట్టే మనిషి. "మహారాణీ, డాక్టరమ్మ వచ్చేలోగా మొగుణ్ణి తీసెయ్. తియ్యనంటావా, లాప్‌టాప్ ఇచ్చేసి ఇంటికెళ్ళు. నాకింక ఓపిక లేదు." అరెలిస్ ఆ మాటలు చదివింది, మళ్ళీ చదివింది, ఒళ్ళు మండిపోయింది, పైకే చదివేసింది కాబోలు, ఎదుటావిడ దణ్ణం ఆపి గుడ్లప్పగించి చూస్తోంది.

"మొగుణ్ణి తీసెయ్యమంటున్నాడా? ఎవడమ్మా వాడు? పోలీసుల్ని పిలవనా?"

"అయ్యో, అది కాదండీ. ఆ మొగుడు మనిషి కాదు. ఒక పెట్టె."

"నా మొగుడూ అంతేలే తల్లీ, పెట్టే. ఇంతకీ నువ్వేం చేస్తుంటావు?"

"కుటుంబాలు చేస్తానండీ."

"అదేమంత ఘనకార్యం, అందరూ చేసేదేగా," అని ఆవిడ కేకు కదలకుండా నవ్వింది. పేరు దోన్యా రుబియేలా అట, మనవరాలి పుట్టినరోజట, మనవరాలు కింద ప్రాదో స్టేషన్లో నిలబడి ఉంటుందట, క్రీము కరిగితే ఆ పిల్ల తన ముఖం చూడదట.

నిజమే, అందరూ చేసేదే. కానీ ఆ పదం అరెలిస్ పెట్టింది కాదు. కట్టబోయే భవనాన్ని ముందుగా కంప్యూటర్లో కట్టి చూపించే ఆ సాఫ్ట్‌వేర్లో, ఒకసారి చేసి వెయ్యిచోట్ల వాడుకునే ప్రతి వస్తువు అచ్చునీ కుటుంబం అనే అంటారు. వాల్వు ఒక కుటుంబం, నీటి మీటరు ఒక కుటుంబం, కరెంటు పెట్టె ఒక కుటుంబం, బాత్‌రూమ్ జాలీ, పైపు మలుపు, సబ్బునీళ్ళు వెనక్కి రాకుండా ఆపే ముక్క, అన్నీ కుటుంబాలే. తల్లి ఫైలు ఒకటుంటుంది, దాన్నుంచి పెద్దదీ చిన్నదీ అంటూ పిల్లలు పుడతాయి, ఒకదాని కడుపులో ఇంకొకటి ఉంటుంది, గోడను ఆనుకుని బతికేవి కొన్ని, నేల మీద తమంతట తాము నిలబడేవి కొన్ని. తల్లిలో ఒక మేకు జరిపితే ప్రతి భవనంలో ప్రతి పిల్లా అదే క్షణాన ఒళ్ళు జరుపుకుంటుంది. మొదటిసారి అది కళ్ళారా చూసిన రోజు అరెలిస్‌కి కడుపు నిండిపోయింది, అన్నం తినబుద్ధి కాలేదు. కుళాయి మెడ రవ్వంత వంచింది, అంతే, ఒక హోటలు మొత్తం మీద ఉన్న కుళాయిలన్నీ మెడలు వంచాయి. నీళ్ళు ఎటునుంచి వస్తాయో ఎటు పోతాయో, తీగ ఎక్కడ కలుస్తుందో, ఆ చోట్లను తనే గుర్తు పెట్టాలి. లోపలికి అన్నచోట బయటికి అని పెట్టావా, పైపు వచ్చి ముఖం తిప్పుకుని వెళ్ళిపోతుంది, నీ జన్మలో కలవదు. కంపెనీలు పంపే కేటలాగుల్లో అరకొర స్పానిష్ ఉంటుంది, చైనా వాళ్ళ పంపుకి "పాదం వెడల్పు" అనాల్సిన చోట "మర్యాద వెడల్పు" అని ఉంటుంది, అవన్నీ అర్థం చేసుకుని, కొలత కొలతకీ తాళం వేసి, ఎటు లాగినా విరగని అచ్చు తయారు చేయాలి. చేసేది. ఆ ఆఫీసు అచ్చుల గ్రంథాలయంలో ఉన్న నీటి సామాను, కరెంటు సామాను సగానికి పైగా అరెలిస్ చేతిదే. అమ్మ మాత్రం చుట్టాలకి "మా అమ్మాయి కంప్యూటర్లో కుళాయిల బొమ్మలేస్తుంది" అని చెప్పేది, చెప్పి కాస్త సిగ్గుపడేది.

గాలి ఒక్కసారి పక్కనుంచి తోసింది. దోన్యా రుబియేలా "యేసయ్యా" అంది, కేకు పెట్టె ఎడమకి పోయింది, ఇద్దరూ కలిసి పట్టుకున్నారు. పెట్టడానికి సీటు ఉంది కానీ ఆవిడకి సీటు మీద నమ్మకం లేదు. పెట్టె. మొగుడు. ఆ పేరు పెట్టింది యోవానీ, ఆఫీసులో పక్క కుర్చీలో కూర్చునే బట్టతల పెద్దమనిషి, ముగ్గురు పిల్లల తండ్రి. అరెలిస్ తన పంపు ముందు ఒక నీలం గాజు పెట్టె గీసింది మొదటిసారి, మనిషి కూర్చుని పని చేయడానికి కావాల్సిన చోటు అది, వస్తువు కాదు, వస్తువు కాకపోయినా అక్కడికి గోడ గానీ పైపు గానీ వస్తే సాఫ్ట్‌వేర్ ఎర్రగా అరుస్తుంది. యోవానీ వచ్చి కాఫీ చప్పరిస్తూ చూసి, "ఏంటిది, పనీపాటా లేకుండా ఎప్పుడూ ఎదురుగా కూర్చుని చోటు ఆక్రమించుకుని, ఎవరైనా దగ్గరికొస్తే గొడవ పెట్టుకుంటుంది, అచ్చం మొగుడే కదా" అన్నాడు. ఆఫీసంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. అంతే, ఆనాటి నుంచీ "అరెలిస్, నీ మొగుడు దూలానికి తలబాదుకున్నాడు," "అరెలిస్, నీ మొగుడు మురుగు పైపులో కాలు పెట్టాడు," ఇవే మాటలు. ఆమె కూడా నవ్వేది. వేరే ఆఫీసుల్లోనూ ఇలాంటి పెట్టెలు పెడతారు, పెట్టి ఒక మీట కూడా పెడతారు, కావాలంటే ఉంటుంది, వద్దంటే మాయమవుతుంది. పెద్దల ముందు భవనం చూపించేటప్పుడు ఎలాగూ దాన్ని దాచేస్తారు, అది ఆనవాయితీ. డబ్బులు పెట్టేవాళ్ళెవరూ ఆ నీలం పెట్టె ముఖం చూసి ఎరగరు. అరెలిస్ దాచనిచ్చింది, మీట మాత్రం పెట్టలేదు. ఎందుకు పెట్టలేదని ఎవరూ అడగలేదు, అడిగితే చెప్పేది, ఆ పెట్టె కొలతలు కేటలాగులోవి కావని, ఒక బతికున్న మొగుడివని.

నెవార్దో. చచ్చినోడు. వాడి పేరు తలుచుకుంటే ఇప్పటికీ పళ్ళు నూరుతుంది. అబద్ధాలకోరు, తాగుబోతు, ఫుట్‌బాల్ ఉన్న ఆదివారం ఇంట్లో మనుషులున్నారన్న సంగతే మరిచిపోయేవాడు, ఇప్పుడు పక్క ఊరు బెయ్యోలో ఇంకొకావిడ దగ్గరున్నాడు, ఆవిడ కర్మ. ప్రేమ మిగిలి ఉందా అంటే గోరంత లేదు, ఆ సంగతి అరెలిస్ ఎవరికైనా ఒట్టేసి చెప్పగలదు. కానీ వాడి చేతులు మంచి చేతులు. అపార్ట్‌మెంట్లలో పంపులు బాగుచేసేవాడు, వాడు పట్టుకున్న పంపు పిల్లిలా గుర్రుమనేది. మెట్ల కింద గది ఒకటి, గది అనడానికి కూడా లేదు, గూడు, అందులో పంపు సరిగ్గా పట్టింది, బొమ్మ గీసినవాడు పంపు ఎంతుందో అంతే గీశాడు, గీత మీద గీత పెట్టినట్టు పట్టింది. మనిషి వెళ్ళడానికే చోటు లేదు. స్విచ్చు చూస్తే పంపు వెనకాల గోడకుంది. ఆపాలంటే పంపు మీదుగా చెయ్యి చాచాలి, అది ఎప్పుడు తిరుగుతుందో తెలియని పంపు, పైన ఎవరో కుళాయి తిప్పితే తనంతట తనే లేస్తుంది. నెవార్దో ఆపడానికే చెయ్యి చాచాడు. పై అంతస్తులో ఎవరో స్నానానికి దిగారు. తిరిగే ఇరుసు చొక్కా చేతిని పట్టుకుంది, చొక్కా మోచేతిని పట్టుకుంది, వెనక్కి గుంజుకుందామంటే వీపుకి గోడ. ఆ స్నానం చేసిన వాళ్ళకి ఆరోజు నీళ్ళు సన్నగా వచ్చాయి, అంతే వాళ్ళకి తెలిసింది. ఆసుపత్రిలో వాడు కట్టు వంక చూసుకుంటూ "ఏం కాదు, ఎడమ చెయ్యేగా" అన్నాడు, వాడు ఎడమచేతివాటం వాడు, అబద్ధం కూడా సరిగా ఆడటం రాదు వెధవకి. మోచెయ్యి ఇప్పటికీ వంగదు. ఆ తర్వాత పంపు ముట్టుకోలేదు.

ఇంటికి తీసుకొచ్చిన వారం వంటింట్లో నేల మీద గొంతుకూర్చోబెట్టింది. పొయ్యి మీద బెల్లం నీళ్ళు మరుగుతున్నాయి, కట్టుతో వాడు, టేపుతో తను. "ఏంటే, శవపెట్టె చేయిస్తున్నావా నాకు?" అన్నాడు. "నోర్మూసుకుని కూర్చో. మోకాళ్ళు ఇంకొంచెం ఎడంగా." భుజానికీ భుజానికీ మధ్య కొలిచింది, మడమ నుంచి మోకాలి కొస దాకా కొలిచింది, చెయ్యి చాచమంది, మంచి చెయ్యి చాచాడు, రెంచి పట్టుకున్నట్టు పట్టుకోమంది, వెనక్కి ఒరగమంది, ఒరిగి లేవడానికి ఎంత చోటు కావాలో అదీ కొలిచింది. పొట్ట దగ్గరికొచ్చేసరికి ఊపిరి బిగబట్టాడు. "వదులు." "ఇదే నా పొట్ట." "వదులంటున్నానా!" వదిలాడు. ఇద్దరికీ నవ్వొచ్చింది. వాళ్ళిద్దరూ కలిసి నవ్విన ఆఖరిసారి అదేనేమో, తర్వాత నవ్వు గుర్తులేదు, గిన్నెల చప్పుడే గుర్తుంది. ఆ కొలతలతో నీలం పెట్టె గీసింది. కోపంతో గీసింది, ఎవరి మీద కోపమో అప్పుడు సరిగ్గా తెలియదు, గూట్లో పంపు పట్టిందని సంబరపడ్డ ఆ ముక్కూమొహం తెలియని బొమ్మగాడి మీద కావచ్చు. పట్టిందట! పంపు పడితే సరిపోతుందా?

అప్పుడే ఇంకో పని కూడా చేసింది, దానికే ఎచెవెర్రి ఇవాళ పొద్దున్న ఫోనులో గొంతు చించుకున్నది. ప్రతి అచ్చుకీ ఒక మొదలు చుక్క ఉంటుంది. వస్తువును భవనంలో ఎక్కడ పెట్టావంటే ఆ చుక్కను ఎక్కడ పెట్టావనే అర్థం, మిగతా కొలతలన్నీ దాన్నుంచే పుడతాయి. అందరూ దాన్ని పంపు పాదం మధ్యలో పెడతారు, లేదా పైపు కలిసే చోట పెడతారు, బడిలో అలాగే నేర్పుతారు. అరెలిస్ దాన్ని నీలం పెట్టెలో కూర్చునే మనిషి రెండు పాదాల మధ్య పెట్టింది. ముందు మనిషి కూర్చున్నాడు, వాడి చేతికందే దూరంలో పంపు ఉంది, పంపు నుంచి పైపు పోయింది, అదీ ఆమె లెక్క. ఇన్నాళ్ళూ ఎవరికీ పట్టలేదు. ఇవాళ పొద్దున్న, ఆఫీసు గీస్తున్న కొత్త ఆసుపత్రి నేలమాళిగలో పంపుల గది గోడను ఆర్కిటెక్టులు లోపలికి జరిపారు, అవతల పెద్ద డాక్టర్ల కార్లకి ఇంకాస్త చోటు కావాలట. గోడ వచ్చి నీలం పెట్టెల నడుం మీద కూర్చుంది. వరసగా ఉన్న పంపులన్నీ ఎర్రగా అరిచాయి. ఎచెవెర్రి చెబితే యోవానీ పెట్టెను తనే తీసేశాడు, తీసీ తీయగానే చుక్కకి ఆధారం పోయి పంపులకి కాళ్ళకింద నేల లేకుండా పోయింది, పైపులన్నీ పట్టు వదిలేశాయి, నేలమాళిగ మొత్తం పసుపుపచ్చ హెచ్చరికలతో నిండిపోయింది. పాపం హడలిపోయి చేసింది వెనక్కి తిప్పేశాడు, ఎచెవెర్రి వెంటనే ఫోను అందుకున్నాడు.

"చుక్క తప్పు చోట పెట్టావు మహారాణీ. కొత్తగా చేరినవాళ్ళు చేసే తప్పిది. నువ్వు చేశావంటే నమ్మలేకపోతున్నా."

"తప్పు కాదు సార్. కావాలనే పెట్టా."

"కావాలనా? మొగుడు లేకపోతే పంపు నిలబడదా?"

"నిలబడదు సార్. ఎవరూ బాగుచెయ్యని పంపు ఎన్నాళ్ళు నిలబడుతుంది?"

"పంపు పట్టింది. గోడా పట్టింది. ఆర్కిటెక్టులు ఒప్పుకున్నారు. నీకేమిటి నొప్పి? మీటింగులోగా చుక్క జరిపి, పెట్టె తీసి, శుభ్రంగా పెట్టు. నీ అచ్చు విప్పడం నీకే చేతనవును, అందుకని బతిమాలుతున్నా."

చెడ్డవాడైతే ఎంత బావుండేది. ఎచెవెర్రి చెడ్డవాడు కాడు. ఆమె టెక్నికల్ చదువు సగంలో ఆపేసి వస్తే, పక్కన కూర్చుని మొదటి వాల్వు గీయించింది ఆయనే. డిసెంబరులో పొట్లం నిండా నూనెలో వేయించిన వేడివేడి బునుయేలో ఉండలు తెచ్చి ప్రతి బల్ల మీదా పెడతాడు. నెవార్దో సంగతి తెలిసినప్పుడు డాక్టరుని చూసిపెట్టాడు. అలాంటి మనిషి ఇవాళ పెట్టె తీసెయ్యమంటున్నాడంటే, పైనుంచి ఎవరో ఆయన మెడ మీద కూర్చున్నారనే కదా. ఇవాళ డాక్టర్ ఇల్దా వస్తుంది, ఆసుపత్రి కట్టించేది ఆవిడే, పెద్ద తెర మీద నేలమాళిగంతా తిప్పి చూపించాలి, ఆవిడ సరేనంటే గోడ ఖాయం, ఎర్ర అరుపు ఒక్కటి కనిపించినా పరువు పోతుంది. ఆవిడ ఇంతవరకూ అడిగిందల్లా కిటికీ తెరల రంగు గురించే. ఒక్కసారి, ఒక్క చుక్క జరిపితే ఏం మునిగిపోతుంది? అమ్మ ఇంటి రేకులు మార్చాలి, వానకి వంటిల్లు చెరువవుతోంది, ఇంకో ఆఫీసు వెతుక్కుంటూ తిరగడానికి వయసు అడ్డొస్తోంది, ఎక్కడికెళ్ళినా "పాత చోట ఎందుకు మానేశావమ్మా" అని అడుగుతారు, "మొగుడి కోసం" అని చెప్పనా? ఎవడో ఊరూ పేరూ తెలియని పంపులవాడు, ఇంకా ఆ ఉద్యోగంలోకి రానే లేదు, వాడెవడో తనకేం తెలుసు, వాడూ నెవార్దో లాంటి వెధవే అయివుండొచ్చు, పెళ్ళాన్ని ఏడిపించేవాడే అయివుండొచ్చు. అయితే? వెధవలకి చేతులుండవా? అరెలిస్‌కి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తిరిగినందుకు తన మీద తనకే కోపమొచ్చింది, బర్రున బ్యాగు జిప్పు లాగి లాప్‌టాప్ తెరిచింది. ఇంట్లో తెరిచిన ఆసుపత్రి నమూనా ఇంకా మూయలేదు. ఫోనులోంచి ఇంటర్నెట్ కలిపింది. పంపు అచ్చు తెరుచుకుంది. చుక్క మీద బాణం పెట్టింది. వేలు కదపలేదు.

"అదేనా నువ్వు చేసే కుటుంబం?" దోన్యా రుబియేలా కేకుతో సహా పక్క సీట్లోకి మారి మెడ చాచింది.

"పంపండీ ఇది. ఆసుపత్రిది."

"చక్కగా ఉంది. మరి ముందు అంత ఖాళీ ఎందుకు వదిలేశావు? ఏదైనా పెట్టుకోవచ్చుగా అక్కడ. నా కేకు పట్టేస్తుంది."

అరెలిస్ తెర వంక చూసింది. నీలం గాజు పెట్టె, అవతల నుంచి పంపు కనిపిస్తోంది, లోపల ఏమీ లేదు. ఆవిడన్నది నిజం. అక్కడ ఖాళీ ఉంది. ఇన్నేళ్ళుగా అరెలిస్‌కి ఆ పెట్టెలో నెవార్దో కనిపిస్తున్నాడు, మోకాళ్ళు ఎడంగా పెట్టి, ఊపిరి వదిలి, రెంచి పట్టుకుని, ఆమెకి తప్ప ఇంకెవరికి కనిపించాడు? ఆర్కిటెక్టుకి ఖాళీ కనిపించింది, ఖాళీని చూస్తే ఎవరికైనా కారు పెట్టుకోవాలనిపిస్తుంది, కేకు పెట్టుకోవాలనిపిస్తుంది, అందులో ఆశ్చర్యమేముంది. ఎచెవెర్రికి ఎర్ర అరుపు కనిపించింది. యోవానీకి హాస్యం కనిపించింది. మనిషి మాత్రం ఎవరికీ కనిపించలేదు, కనిపించేలా తను గీయలేదు. పెట్టె గీసి, పెట్టెను దాచనిచ్చి, తాళాలు వేసి, చుక్కను దొంగచాటుగా కాళ్ళ మధ్య పెట్టి, అదేదో పెద్ద తిరుగుబాటు అనుకుని మురిసిపోయింది. దాక్కున్న తిరుగుబాటు! ఏడిసినట్టుంది. తీసెయ్యమన్నారు కదా పెట్టెని? తీసేస్తా. సంతోషంగా తీసేస్తా.

"మీ నోట్లో చక్కెర పొయ్యా," అంది అరెలిస్.

"క్రీము వద్దా?" అంది ఆవిడ బెదురుగా.

పెట్టె తీసేసింది, చుక్క మాత్రం కదలలేదు. ఆ చుక్క రెండు పక్కలా రెండు బూట్లు పెట్టింది. బూట్లు దిట్టంగా ఉండాలి, రబ్బరు అడుగు, నెవార్దోవి ఎప్పుడూ మడమ దగ్గర అరిగేవి, అరిగించింది. పిక్కలు, మోకాళ్ళు, తొడలు, గొంతుకూర్చున్నవాడి తొడలు ఎలా ఉబ్బుతాయో ఆమెకి తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది. కొలతలకోసం ఏ కాగితమూ వెతకలేదు. వంటింటి నేల గుర్తొచ్చింది, టేపు చల్లదనం గుర్తొచ్చింది, వేళ్ళు వాటంతట అవే అంకెలు కొట్టుకుంటూ పోయాయి. నడుం, వీపు, వీపు కాస్త వంగాలి, మరీ వంగితే ముసలాడవుతాడు. పొట్ట దగ్గర ఒక గీతను గుండ్రంగా తిప్పింది, బిగబట్టిన పొట్ట కాదు, వదిలిన పొట్ట. డబ్బా ఊగింది, గీత వంకర పోయింది, మళ్ళీ గీసింది. బయట ఎక్కడో దగ్గర్లోనే పిడుగు పడింది, దోన్యా రుబియేలా కేకు వదిలేసి అరెలిస్ మోకాలు పట్టుకుంది, పట్టుకున్న చెయ్యి తీయకుండా తెర చూస్తూ "భుజం ఇంకొంచెం వెడల్పు పెట్టు, పని చేసేవాడు కదా" అంది. పెట్టింది. కుడిచేతిలో రెంచి, ఎడమచెయ్యి చాచి పంపు మీద, మోచెయ్యి వంగుతుంది వీడికి, వంగేలా చేసింది. ముఖం చెయ్యలేదు. తల చేసి టోపీ పెట్టింది, టోపీ కింద ఎవరైనా ఉండొచ్చు. ఒంటికి ముదురు నారింజ రంగు వేసింది, గాజు కాదు, గట్టిగా, గోడకి వేసినంత గట్టిగా. మీట పెట్టలేదు. పంపులో పంపుగా కలిపేసింది, ఇనుమూ మనిషీ ఒకే ముద్ద, వాణ్ణి దాచాలంటే పంపునే దాచాలి, పంపు లేని పంపుల గదిని ఎచెవెర్రి చూపించగలిగితే చూపించుకోమను.

ఆసుపత్రి నమూనాలోకి ఎక్కించింది. "పాతది ఉంది, దాని స్థానంలో పెట్టమంటారా?" అని అడిగింది సాఫ్ట్‌వేర్, దానికున్న మర్యాద మనుషులకి లేదు. పెట్టు. ఒక్క క్షణం ఏమీ జరగలేదు, తర్వాత నేలమాళిగలో ప్రతి పంపు ముందూ ఒక్కసారిగా మనుషులు కూర్చున్నారు. మంటలార్పే పంపు ముందు ఒకడు, వేడినీళ్ళ పంపు ముందు ఒకడు, మురుగు తోడే పంపు ముందు ఒకడు, గది పొడుగునా నారింజ రంగు వీపులు. కొత్త గోడ వాళ్ళ నడుముల్లోంచి నిలువునా కోసుకుంటూ పోయింది. ముందు భాగం పంపుల గదిలో, వెనక భాగం అవతల కార్ల చోట్లో. అరెలిస్ నోరు తెరుచుకుని చూసింది. తను చేసిందే, తెలిసి చేసిందే. ఎర్ర అరుపులు ఎన్ని ఉన్నాయో చూడలేదు, చూడక్కర్లేదు. అందరికీ పంపే మీట నొక్కింది. ఫోను ఇంటర్నెట్టు నత్తలా పాకుతుంటే నిమిషాలు గడిచాయి, ఆ నిమిషాల్లో వెనక్కి తీసుకునే వీలుంది, వద్దు అనే మీట అక్కడే ఉంది, నీలంగా, మర్యాదగా. దాని వంక కూడా చూసింది, చూసి చేతులు రెండూ చంకల్లో పెట్టుకుని కూర్చుంది. నమూనా వెళ్ళిపోయింది. లాప్‌టాప్ మూసింది. ఇప్పుడు దాన్ని ఎచెవెర్రి బల్ల మీద పెట్టడానికి ఆమెకి ఏ అభ్యంతరమూ లేదు.

డబ్బా ఒక కుదుపు కుదిపి కదిలింది. వాన పల్చబడింది. కింద ఎవరో మేడ మీదికొచ్చి కుళాయి కింద బకెట్టు పెట్టారు, వానలో తడిసి మరీ. దోన్యా రుబియేలా అట్టపెట్టె మూత ఎత్తి చూసుకుని, ఒక పక్క నలిగినా పేరు మాత్రం చెదరలేదని సంబరపడింది. "ఉద్యోగం పోతుందా తల్లీ?" అని అడిగింది మూత మూస్తూ, వాన తగ్గిందా అన్నంత మామూలుగా. "పోవచ్చండీ." "భయంగా ఉందా?" "ఉంది." అది నిజం, భయం ఉంది. ఆ భయంతోనే స్టేషన్లో దిగాలి, ఆ భయంతోనే మెట్లెక్కాలి, ఎచెవెర్రి కళ్ళలోకి చూడాలి, ఆయన తిట్టడు, మహారాణీ అని కూడా అనడు, అది ఇంకా కష్టం. మీటింగు వేళ అయింది, ఫోను మోగింది. ఎచెవెర్రే. గొంతు పొడిగా ఉంది.

"అరెలిస్. ఫోను స్పీకర్లో పెట్టాను. డాక్టర్ ఇల్దాగారు నీతో మాట్లాడాలంటున్నారు."

కుర్చీలు జరిగిన చప్పుడు. ఎవరో దగ్గారు, యోవానీ దగ్గే. తర్వాత ఆడగొంతు, మెల్లగా, ఆజ్ఞలివ్వడం అలవాటైన గొంతు.

"అమ్మాయ్, నేను నా కారు పెట్టుకునే చోట నిలబడి ఉన్నాను, అంటే మీ తెర మీద. గోడలోంచి మనుషుల వీపులు బయటికొచ్చాయి. బూట్లు కూడా. వరసగా ఇంతమంది. మీ ఇంజినీరుగారిని అడిగితే నిన్ను అడగమన్నారు. ఎవరు వీళ్ళు?"

అరెలిస్ అద్దం మీద ఆవిరి అరచేత్తో తుడిచింది.

"మీ ఆసుపత్రిలో పంపులు బాగుచేసేవాళ్ళండీ. ఇంకా పనిలో చేరలేదు."